తెర మీద మా అత్త

పాస్‌పోర్టు ఫొటోలో నవ్వకూడదని నల్గొండ క్లాక్ టవర్ సెంటర్‌లోని స్టూడియో ఆయన చెప్పినప్పుడు నాకు హాయిగా అనిపించింది. నోరు మూసుకుని దిగిన ఫొటోల్లో నేనూ అందరిలాగే ఉంటాను. నవ్వితేనే మా ఊరు బయటపడుతుంది. పళ్ళ మీద అడ్డంగా గోధుమరంగు చారలు, ముందుపళ్ళ అంచుల్లో చిన్న చిన్న గుంతలు. మునుగోడు దాటాక వచ్చే మా ఊళ్ళో నా ఈడు వాళ్ళందరివీ అవే పళ్ళు. మేం తాగి పెరిగిన బోరింగు నీళ్ళలో ఫ్లోరైడు ఉంది. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ అది వింత కాదు. నల్గొండలో డిగ్రీలో చేరి, హాస్టల్లో వేరే మండలాల పిల్లల మధ్య భోజనానికి కూర్చున్నాకే నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకోవడం అలవాటైంది.

నాకు పళ్ళతో ఆగింది. మా బాపు వాళ్ళ అక్కకు ఎముకల్లోకి దిగింది. పెళ్ళయిన కొన్నేళ్ళకే ఆమెకు నడుము పట్టేసింది. మొదట్లో నాట్లకు వంగితే లేవలేకపోయేదట. తర్వాత లేస్తే వంగలేకపోయింది. మెడ బిగుసుకుపోయి, పక్కనుంచి ఎవరైనా పిలిస్తే తల తిప్పలేక మనిషి మొత్తం తిరగాల్సి వచ్చేది. ఇక కూలికి పనికిరాదని తేలాక మామ ఆమెను మా ఇంటి ముందు దింపి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. బాపు సుతారి పనికి, అంటే ఇళ్ళ గోడలు కట్టే పనికి, అమ్మ పత్తి ఏరడానికి పొద్దున్నే వెళ్ళిపోతే నన్ను పెంచింది ఆ అత్తే. ఎత్తుకోలేకపోయేది కాబట్టి తాను మంచం మీద కూర్చుని నన్ను పైకి ఎక్కి రమ్మనేది. నోరు మాత్రం గట్టిది. వాడలో ఎవరి కొట్లాటైనా ఆమె మంచం దగ్గరికి రావలసిందే. ఎవరిది తప్పో మొహం మీదే చెప్పేది, చెప్పాక ఎవరూ ఎదురు మాట్లాడేవారు కాదు.

నెదర్లాండ్స్‌లోని ఒక విశ్వవిద్యాలయం ఎండాకాలంలో నడిపే కోర్సు గురించి నాకు చెప్పింది మా కెమిస్ట్రీ మేడమ్. తాగునీరు, ప్రజల ఆరోగ్యం దాని విషయం. రకరకాల దేశాల డిగ్రీ విద్యార్థులను తీసుకుంటారు, ఖర్చంతా వాళ్ళదే. దరఖాస్తులో నా గురించి రాయమన్నారు. మా ఊరి నీళ్ళ గురించి రాశాను. మా పళ్ళ గురించీ రాశాను. అత్త గురించి మాత్రం రాయలేదు. ఎందుకు రాయలేదో అప్పుడు ఆలోచించలేదు. ఎంపికైనట్టు తెలిసిన రోజు మేడమ్ నాకన్నా ఎక్కువ సంబరపడింది. తన సూట్‌కేసు ఇచ్చింది, ఒక పోచంపల్లి కుర్తా కొనిచ్చింది. మా చర్చిలో ప్రార్థన చేశారు. బాపు శంషాబాద్ దాకా వచ్చి, లోపలికి రానివ్వరని తెలిసి, అద్దాల అవతల నేను కనబడకుండా పోయేదాకా నిలబడ్డాడు.

అక్కడ నాకు గది పంచుకోవడానికి ఇథియోపియా అమ్మాయిని ఇచ్చారు. నేను వెళ్ళేసరికి ఆమె మంచం మీద బట్టలు సర్దుకుంటోంది. నా సూట్‌కేసు చక్రం ఊడి గది మధ్యలోకి దొర్లిపోయింది. ఇద్దరికీ నవ్వొచ్చింది. ఇద్దరమూ ఒకేసారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాం. ఆమె నా చేతి వైపు చూసింది, నేను ఆమె చేతి వైపు చూశాను. తర్వాత ఆమె మెల్లగా చెయ్యి తీసి పళ్ళు చూపించింది. నావి కూడా చూపించాను. అవే చారలు, అవే గుంతలు. వాళ్ళ లోయలో కూడా బావుల నీళ్ళు అంతేనట. ఆ దేశంలో నాకు మొదట దొరికిన చుట్టరికం అదే.

ఆ ఊళ్ళో స్నానాలగది కుళాయి నీళ్ళే తాగుతారు. నాకు నమ్మకం కుదరడానికి కొన్ని రోజులు పట్టింది. మా ఇంటికి ప్లాంటు నీళ్ళ క్యాను తెచ్చి, అది తాగడానికి మాత్రమే వాడి, వంటకు బోరు నీళ్ళే పోసే అమ్మ గుర్తొచ్చేది. అక్కడివాళ్ళు ఆ మంచి నీళ్ళతోనే సైకిళ్ళు కడిగేవారు, గులాబీ చెట్లకు పోసేవారు. వాళ్ళు చేసిందాంట్లో తప్పేమీ లేదు. కానీ పైపు నుంచి నీళ్ళు రోడ్డు మీదికి కారుతుంటే నాకు వెళ్ళి ఆపేయాలనిపించేది.

ఫోన్ చేసినప్పుడల్లా అత్త అడిగేది ఒకటే, తింటున్నావా అని. రొట్టె, చీజు తింటున్నానని చెబితే అది పొద్దటిపూట తినేది గద, అన్నం ఎప్పుడు తింటున్నవో చెప్పు అనేది.

కోర్సు చెప్పే ప్రొఫెసర్ పెద్దాయన. పొడుగ్గా, కాస్త వంగి, సైకిలు మీద వచ్చేవాడు. అంత మంచిగా మాట్లాడే మాస్టారిని నేను అంతకుముందు చూడలేదు. మొదటి రోజే అందరి పేర్లూ నేర్చుకున్నాడు, పలకడం తప్పితే దిద్దమన్నాడు. నల్గొండ అన్న మాటను నా దగ్గర రెండు మూడుసార్లు పలికించుకుని అచ్చంగా పట్టేశాడు. ఒక ఆదివారం అందరినీ ఇంటికి పిలిచి తన చేత్తో అట్లు పోసి పెట్టాడు. నేను చారు మీద బెంగపెట్టుకున్నానని తెలిసి ఊళ్ళో చింతపండు ఎక్కడ దొరుకుతుందో వెతికి తెచ్చి ఇచ్చాడు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆయన చెడ్డవాడైతే నాకు ఇంత చేదు మిగిలేది కాదు. చెడ్డవాణ్ణి తిట్టి మరిచిపోవచ్చు.

ఫ్లోరైడు పాఠం రేపనగా నన్ను కలిసి, "రేపు నీ రోజు" అన్నాడు. నాకు గర్వంగా అనిపించింది. మర్నాడు పోచంపల్లి కుర్తా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాను.

మొదట ప్రపంచ పటం. అందులో ఎర్రగా మెరిసే చోట్లు. ఒకటి దగ్గరికి వచ్చి పెద్దదైతే నల్గొండ అన్న పేరు గోడంత అక్షరాలతో కనిపించింది. ఏడువేల కిలోమీటర్లు దాటి వచ్చి మా జిల్లా పేరు అక్కడి గోడ మీద చూడడం ఎలా ఉంటుందో చెప్పలేను. ఒళ్ళు పులకరించింది. ఆ తర్వాత పళ్ళ ఫొటోలు వచ్చాయి. పెదాలను వేళ్ళతో పైకెత్తి పట్టుకుని తీసినవి. తరగతిలో అందరూ మర్యాదస్థులు, ఒక్కరూ నా వైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి వాళ్ళు పడుతున్న కష్టం నాకు వీపు మీద తెలుస్తూనే ఉంది. తర్వాత వెన్నెముక ఎక్సరేలు. ఆ తర్వాత మనుషులు.

ఒక ముసలాయన. ఒక కుర్రవాడు. తర్వాత ఒక ఆడమనిషి. నీలం సున్నం వేసిన గోడ పక్కన కర్ర పట్టుకుని, ముందుకు వంగి, పక్కకు తిరిగి నిలబడి ఉంది. చిరిగిన చీర, కొంగు పక్కకు తొలిగి నడుము కనబడుతోంది. కళ్ళ మీద నల్లపట్టీ వేశారు. ప్రొఫెసర్ చేతిలోని లైటు నుంచి ఎర్రచుక్క వచ్చి ఆమె మెడ మీద వాలింది. అక్కడి నుంచి వెన్ను వెంట మెల్లగా దిగి మోకాలి దగ్గర ఆగింది. ఈ వ్యాధిలో మనిషి నిలబడే తీరు సరిగ్గా ఇలా ఉంటుందని ఆయన చెబుతున్నాడు.

గోడను ముందు గుర్తుపట్టాను. ఆ నీలం మా పాత ఇంటిది. తలుపు పైన బాపు సుద్దతో గీసిన సిలువ సగం కనిపిస్తోంది. తర్వాత కర్ర పట్టుకున్న చేతి మీద పచ్చబొట్టు చూశాను. తేలు బొమ్మ. పొడిచినామె చెయ్యి వణికి కొండి వంకరపోయిందని అత్త ఎప్పుడూ తిట్టుకునే తేలు. చిన్నప్పుడు నేను వేలితో దిద్దిన తేలు.

నేను లేచి నిలబడ్డాను. ఏం మాట్లాడాలనుకుని లేచానో తెలియదు. "ఆమె మా నాన్న అక్క" అన్నాను. ఆయనకు వినబడలేదు. మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను. ఎర్రచుక్క అప్పటిదాకా మోకాలి మీదే ఉంది, ఆయన చప్పున ఆర్పేశాడు.

తర్వాత ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇన్నేళ్ళలో ఇలా ఎప్పుడూ జరగలేదన్నాడు. నీకు అభ్యంతరం లేకపోతే ముందుకు వచ్చి ఆమె గురించి చెబుతావా అని అడిగాడు. ఆ గొంతులో ఆజ్ఞ లేదు, వేడుకోలు ఉంది. వెళ్ళాను. తెర మీద అత్త అలాగే ఉంది. ఆమె పక్కన నిలబడి చెప్పడం మొదలుపెట్టాను. పొద్దున్నే మంచం మీద నుంచి ఎలా లేస్తుందో చెప్పాను. ముందు పక్కకు దొర్లాలి, తర్వాత కాళ్ళు కిందికి జార్చాలి, తర్వాత ఎవరైనా చంకల్లో చేతులు వేసి నిలబెట్టాలి. జడ తాను వేసుకోలేదు, అమ్మ వేస్తుంది. అంతవరకు చెప్పి తలెత్తితే అందరూ తలలు వంచి రాసుకుంటున్నారు. కలాల చప్పుడు వినిపిస్తోంది. నా గదిలోని అమ్మాయి ఒక్కతే కలం కింద పెట్టి నా మొహం చూస్తోంది.

ప్రశ్నలు అడిగారు. రోజుకు ఎన్ని నీళ్ళు తాగుతుంది అని ఒకరు. నొప్పిని పదికి ఎంతని చెబుతుంది అని ఇంకొకరు. అందరూ మృదువుగానే అడిగారు. అత్త నొప్పిని ఎప్పుడూ అంకెల్లో చెప్పలేదు. "ఇయ్యాల మొగడొచ్చి కూసున్నడు మీద" అనేది, మామను తలుచుకుని. దాన్ని ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలియక ఏడు అన్నాను. ఏడు అని రాసుకున్నారు.

ఆ సాయంత్రం నేనూ ఇథియోపియా అమ్మాయీ కాలవ గట్టు మీద కూర్చున్నాం. ఆ దేశంలో ఆ నెలల్లో పొద్దు ఎంతకీ వాలదు. తమ ఊరికి కూడా అలా ఫొటోలు తీసేవాళ్ళు వచ్చేవారని ఆమె చెప్పింది. ఒకసారి వాళ్ళ నాయనమ్మ వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి, తిననిదే ఒక్క ప్రశ్నకూ జవాబు చెప్పనందట. తొందరలో ఉన్నామని వాళ్ళు లేచి పక్కింటికి వెళ్ళిపోయారట. "ఆ ఫొటో గురించి మీ అత్తకేం తెలుసో అడుగు, ఇక్కడ ఎవరినీ అడగకు" అంది.

కానీ నేను అడిగాను. రెండు రోజులు తిండి సహించక, చివరికి ప్రొఫెసర్ గదికి వెళ్ళాను. ఆ ఫొటోను పాఠంలోంచి తీసేయమని అడిగాను. ఆయన టీ పోసిచ్చి, మధ్యలో అడ్డురాకుండా విన్నాడు. ఫొటో తనది కాదన్నాడు, చాలా ఏళ్ళ కిందట వేరేవాళ్ళు చేసిన ఒక ప్రాజెక్టు నుంచి వచ్చిందన్నాడు. తీసేముందు అందరి అనుమతీ అడిగారన్నాడు. ఎవరూ గుర్తుపట్టకుండా కళ్ళు కూడా మూశారు కదా అన్నాడు.

"నేను గుర్తుపట్టాను" అన్నాను.

"నిజమే. కానీ ఆ తరగతి గదిలోకి నువ్వు వస్తావని వాళ్ళు ఎలా ఊహిస్తారు?" అన్నాడాయన.

ఆ మాటలో ఎగతాళి లేదు. అందుకే అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఆ ఫొటోలు తీసినవాళ్ళలో, వాటిని దాచినవాళ్ళలో, చూపినవాళ్ళలో ఎవరికీ ఆ గోడ పక్కన పెరిగిన పిల్ల ఒకరోజు ముందు వరసలో కూర్చుంటుందన్న ఆలోచన రాలేదు. అది కుట్ర కూడా కాదు. తట్టలేదు, అంతే.

ఫొటో తీసిన తర్వాత ఆ మనుషులకు మందేమైనా ఇచ్చారా, మంచినీళ్ళేమైనా ఇచ్చారా అని అడిగాను. ఆయన తనకు తెలియదన్నాడు. ప్రాజెక్టు ముగిసిపోయిందన్నాడు. ఆ ఫొటో చూసి ఎంతోమంది విద్యార్థులు ఈ రంగంలోకి వచ్చారనీ, దాని విలువ చాలా పెద్దదనీ చెప్పాడు. నేను లేచేముందు, ఆమె జీవితం గురించి నాలుగు మాటలు రాసిస్తే ఫొటోతో పాటు చూపిస్తానన్నాడు. అప్పుడామె వట్టి బొమ్మగా కాకుండా మనిషిగా కనబడుతుందన్నాడు. పేరు బయటపెట్టనని మాటిచ్చాడు. నేను రాయనన్నాను. ఆయనకు బాధ కలిగింది. నాకూ కలిగింది. ఇద్దరం మంచిగానే విడిపోయాం.

కోర్సు ముగిసేటప్పుడు ప్రతి ఒక్కరూ ఒక చిన్న ప్రసంగం చేయాలి. నేను మా మండలంలోని బోర్ల లోతు, నీళ్ళ పరీక్షల ఫలితాలు, వానలు తక్కువైన ఏడాది ఫ్లోరైడు ఎలా పెరుగుతుందో చెప్పాను. ఒక్క ఫొటో కూడా పెట్టలేదు. మార్కులు వేయడానికి వచ్చిన ఇంకో ప్రొఫెసరమ్మ, విషయం గట్టిగా ఉంది కానీ ఇందులో మనుషులు కనబడలేదు అని రాసింది.

నేను తిరిగి వచ్చేసరికి మా ఇంటి ముందు నల్లా వచ్చింది. రాష్ట్రం వచ్చాక కృష్ణా నీళ్ళు ఇంటింటికీ ఇస్తారని చెబుతూ వచ్చిన మాట మా ఊరి వరకు నిజమైంది. అమ్మ బిందె కడిగి పెట్టి, నీళ్ళు వచ్చే వేళ కోసం చూస్తోంది. వాడ పిల్లలు నల్లా కింద తలలు పెట్టి ఆడుకుంటున్నారు. వాళ్ళ పళ్ళు తెల్లగా వస్తాయి. అత్త మంచం గుమ్మంలో వేసి ఉంది. నేను వెళ్ళిన తర్వాత ఇంకా కొంచెం వంగింది. నీళ్ళు తాగావా అని అడిగితే, "తాగిన. సప్పగున్నయ్. గీ నీళ్లు నా పెండ్లినాడు రావాలె" అంది.

రెండు రోజులు ఆగి, అమ్మ పత్తి చేనుకు వెళ్ళాక అత్త పక్కన కూర్చున్నాను. పాఠాల ఫైళ్ళు మా అందరికీ ఇచ్చారు కాబట్టి ఆ ఫొటో నా ఫోన్‌లో ఉంది. తెరిచి ఆమె కళ్ళకు ఎదురుగా పట్టుకున్నాను. చాలాసేపు చూసింది.

"గిది నేనేనా?"

"నువ్వే అత్తా."

"కండ్లకు గీ నల్లపట్టీ ఏంది? నేనేమన్న దొంగతనం చేసిన్నా?"

ఎవరూ గుర్తుపట్టొద్దని పెట్టారట అని చెప్పాను.

"ఎందుకు గుర్తుపట్టొద్దు? గుర్తుపడ్తె ఎవరికేం నష్టం? నేనే గద." ఫోన్ ఇంకా దగ్గరికి తెమ్మంది. "నడుమంత బయటవెట్టి, మొకం మూసిండ్రు."

ఆ రోజు ఆమెకు బాగా గుర్తుంది. నాకు అప్పుడు అయిదో ఆరో ఏళ్ళు ఉంటాయి. ఇంటి ముందు తెల్లటి జీపు ఆగడం, దాని అద్దంలో నా మొహం చూసుకోవడం తప్ప నాకేమీ గుర్తులేదు. ఇద్దరు విదేశీయులు, ఒక తెలుగావిడ వచ్చారట. ఆవిడ టీవీలో మాట్లాడినట్టు మాట్లాడిందట. అత్తను వేపచెట్టు దాకా నడిచి రమ్మన్నారు. చేతులు పైకెత్తమన్నారు. కింద కూర్చోమన్నారు. తనకు రాదని చెబితే ఒక్కసారి ప్రయత్నించమన్నారు. గోడ పట్టుకుని వంగబోయి పడిపోయింది. లేవదీసి, అది కూడా రాసుకున్నారు.

"ఫొటో దిగమన్నరు. లోపలికి వోయి క్రిస్మస్ చీర కట్టుకొస్త ఆగుండ్రి అన్న. ఒద్దమ్మా, గట్లనే ఉండు అన్నరు. కొంగు జర పక్కకు జరుపు, నడుము కనవడాలె అన్నది గామె. జరిపిన."

"ఎందుకు జరిపినవ్ అత్తా?"

"మందిస్తమన్నరు గద బిడ్డా."

వాళ్ళు బిస్కెట్ పొట్లం ఇచ్చి వెళ్ళారు. అది నేనే తిన్నానట. ఆ వానాకాలమంతా జీపు చప్పుడు వినబడినప్పుడల్లా అత్త కర్ర పట్టుకుని బయటికి వచ్చి చూసిందట. ఊళ్ళోకి వచ్చే జీపులన్నీ ఎన్నికలవి, లేకపోతే పోలీసులవి.

నేను ఏడుస్తుంటే అత్తకు కోపం వచ్చింది. మంచి చీర కట్టుకోనివ్వకపోవడం ఒక్కటే తనకు ఇప్పటికీ కడుపులో ఉందని, మిగతాది ఎప్పుడో మరిచిపోయానని చెప్పింది. అది నిజం కాదని ఇద్దరికీ తెలుసు.

అదంతా విన్న కోపంలో నేను ప్రొఫెసర్‌కు పెద్ద మెయిల్ రాశాను. అత్త చెప్పిందంతా రాశాను. నల్లపట్టీ గురించి ఆమె అడిగిన మాట, పడిపోతే రాసుకున్న సంగతి, చీర సంగతి. ఆయన మర్నాడే జవాబిచ్చాడు. చదివి రాత్రంతా నిద్రపోలేదని, ఇంత విలువైన విషయం తనతో పంచుకున్నందుకు కృతజ్ఞతలని రాశాడు. నన్ను మళ్ళీ రమ్మన్నాడు. మా ఊళ్ళో మళ్ళీ ఒక సర్వే చేస్తే పాత మనుషులు ఇప్పుడెలా ఉన్నారో తెలుస్తుందని, దాన్ని నేనే నడపవచ్చని రాశాడు. ఫొటో తీసేస్తానని మాత్రం ఎక్కడా లేదు. నేను జవాబివ్వలేదు. మేడమ్ చాలా బాధపడింది. పైచదువుకు తెరుచుకున్న తలుపును చేతులారా మూసుకున్నావంది. ఆమె అన్నది కూడా అబద్ధం కాదు. ఆ కోర్సుకు నాతోపాటు వచ్చినవాళ్ళలో చాలామంది ఇప్పుడు పెద్ద పెద్ద చోట్ల ఉన్నారు. నేను నల్గొండలోనే పీజీ చేసి, నీళ్ళు పరీక్షించే ల్యాబులో ఉద్యోగంలో చేరాను. సీసాల్లో నీళ్ళు వస్తాయి, చూసి అంకె రాస్తాను. ఆ నీళ్ళు తాగేవాళ్ళు నా బల్ల దగ్గరికి రారు. నేనూ వాళ్ళ ఫొటోలు అడగను.

మొన్నటి ఎండాకాలంలో ఇథియోపియా అమ్మాయి ఒక వీడియో పంపింది. ఇప్పుడామె వాళ్ళ దేశంలోనే టీచరు. వీడియో కింద, చూడాలో వద్దో నువ్వే తేల్చుకో అని రాసింది. చూశాను. పెద్ద హాలు, నిండా జనం. ప్రొఫెసర్ బాగా ముసలివాడైపోయాడు, కుర్చీలో కూర్చుని మాట్లాడుతున్నాడు. వెనక తెర మీద మా అత్త. నల్లపట్టీ తీసేశారేమోనని చూశాను. అలాగే ఉంది.

ఒకసారి నా తరగతిలో ఒక అమ్మాయి లేచి నిలబడింది, అని మొదలుపెట్టాడు. ఆమె మా నాన్న అక్క అన్నానని చెప్పాడు. పేరు చెప్పలేదు, మాట నిలబెట్టుకున్నాడు. తర్వాత నేను రాసిన మెయిల్‌లోని మాటలు ఒక్కొక్కటిగా చెప్పాడు. దొంగతనం చేశానా అన్న మాట చెప్పాడు. ఆమె మంచి చీర కట్టుకుంటానంటే వద్దన్నాం, అన్నాడు. వద్దన్నాం అన్నాడు, వద్దన్నారు అనలేదు. అక్కడ ఆయన కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత ఒకరు మొదలుపెడితే అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చాక దాన్ని అత్తకు చూపించాను. చూపించడం మంచిదో కాదో తెలియదు. కానీ ఆమె బొమ్మ పెట్టి అంతమంది అంతసేపు మాట్లాడుకుంటుంటే ఆమె ఒక్కతికే తెలియకపోవడం నాకు భరించరానిదిగా అనిపించింది. ఆమె చూపు ఇప్పుడు మందగించింది. ఆయన ఏమంటున్నాడో ఒక్కో మాటా తెలుగులో చెబుతూ పోయాను. చప్పట్ల దగ్గర వీడియో ఆపేశాను.

"గాయన ఏడుస్తుండా?" అని అడిగింది అత్త.

"అవును."

"గాయనకెందుకు ఏడుపు?"

అమ్మ లోపలి నుంచి అన్నం పెడుతున్నానని పిలిచింది. అత్తను లేపాలి. పక్కకు దొర్లించి, కాళ్ళు కిందికి జార్చి, చంకల్లో చేతులు వేశాను. బరువంతా నా మీద వేసి లేచి నిలబడి, ఊపిరి తీసుకుని, "గా ముసలాయనకు ఇంట్ల ఎవరన్న ఉన్నరా లేరా?" అంది. భార్య పోయిందట అన్నాను. గడప దాటేటప్పుడు అత్త నా భుజం గట్టిగా పట్టుకుంది.